మత్తులో చేసిన పాపమెవరిది?

పంచమహాపాతకములను లెక్కించునప్పుడు మనువు మొదట బ్రహ్మహత్యను, ఆ వెంటనే సురాపానమును చెప్పెను. దొంగతనము, గురుతల్పగమనము, ఇట్టి పాతకులతోడి సహవాసము ఆ తరువాతనే వచ్చును. ఛాందోగ్యోపనిషత్తు కూడ పంచాగ్నివిద్యా సందర్భమున బంగారము దొంగిలించువానిని, సుర త్రాగువానిని, గురుతల్పగామిని, బ్రహ్మహంతను ఒకే వరుసలో నిలిపి, వీరితో కలిసి తిరుగువానిని ఐదవవానిగా చేర్చినది. పురాణశ్రవణమున ఈ ప్రసంగము వచ్చినప్పుడెల్ల సభలో ఎవరో ఒకరు, ముఖ్యముగా చదువుకొన్న యువకులు, ఒక సందేహమును వెలిబుచ్చుట కలదు. మనిషిని చంపుట ఎక్కడ, ఒక పాత్రెడు సారాయి త్రాగుట ఎక్కడ? మొదటిది మరియొకని ప్రాణమునకు సంబంధించినది. రెండవది తన కడుపునకు సంబంధించినది. రెండింటిని ఒకే త్రాసున తూచుట న్యాయమా?

సందేహము తప్పు కాదు. శాస్త్రము చెప్పినది గనుక ఊరకుండుమని నోరు మూయించుటయే తప్పు. విధి వెనుక హేతువుండును. హేతువు సులభముగా తెలియుటకు పెద్దలు దానిని కథలో నిలిపిరి. ఈ విధికి సంబంధించిన కథ మహాభారతము ఆదిపర్వమున కలదు.

బృహస్పతి కుమారుడైన కచుడు మృతసంజీవనీవిద్య కొరకు అసురగురువైన శుక్రాచార్యుని సేవింప వచ్చెను. అసురులు ఓర్వలేక అతనిని చంపిరి. దేవయాని వేడుకొనగా శుక్రుడు బ్రతికించెను. మరల చంపిరి, మరల బ్రతికించెను. మూడవసారి వారు అతనిని కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువు చేతికే ఇచ్చిరి. ఆయన త్రాగెను. దేవయాని ఏడ్వగా శుక్రుడు పిలిచెను. శిష్యుని కంఠము గురువు కడుపులోనుండి వినవచ్చెను. శిష్యుడు బయటికి రావలెనన్న గురువు పొట్ట చీలవలెను. అప్పుడు శుక్రుడు కడుపులోనున్నవానికే ఆ విద్య నుపదేశించి, వాడు బయటికి వచ్చి తనను బ్రతికించునట్లు చేసెను. ఈ భాగమును అందరును ఎరుగుదురు. హరికథలలో చప్పట్లు మ్రోగునది ఇక్కడనే. దీని తరువాతి ఘట్టముపై మాత్రము ఎక్కువమంది దృష్టి నిలుపరు.

లేచి కూర్చున్న శుక్రుడు అసురులను మూర్ఖులని నిందించిన మాట నిజమే. కాని అంతకుముందే ఆయన మరియొక పని చేసెను. ఆనాటినుండి ఏ బ్రాహ్మణుడైనను మోహముచే సుర త్రాగినచో వాడు బ్రహ్మహత్య చేసినవానితో సమానుడై ఇహపరములందు నిందితుడగునని లోకమునకు ఒక హద్దు ఏర్పరచెను. ఆ పాత్రలో శిష్యుని బూడిద ఉన్నదని ఆయనకు నిజముగా తెలియదు. తెలియక చేసిన పని అనునది లోకమున ఏదైన ఉన్నచో అది శుక్రుడు చేసినదే. నాకు తెలియదు అని చెప్పుకొనుటకు ఆయనకున్నంత హక్కు ఆ తరువాత మరి ఏ త్రాగుబోతునకును లేదు. అయినను ఆ మాట ఆయన నోట రాలేదు. బూడిద కలిపినవారు అసురులు. పాత్రను పైకెత్తిన చేయి తనది. గురువు త్రాగువాడు కాకున్నచో ఒక హత్యను ఆయన పాత్రలో దాచవచ్చునన్న తలంపే ఆ అసురులకు కలిగియుండదు.

శుక్రుని విధి మాటవరుసకు బ్రాహ్మణుని ఉద్దేశించినది. హేతువునకు వర్ణము లేదు. త్రాగువాని పాత్రలో ఏ హత్య కలిసియున్నదో త్రాగువేళ వానికి తెలియదు. బ్రహ్మహత్య ప్రక్కన సురాపానమును నిలుపుటలోని రహస్యమిదియే.

ఇక లోకమును చూతము. దినపత్రికలో జిల్లా వార్తల పుట తెరచినచో మద్యము మత్తులో అను మాట కనబడని దినము అరుదు. మద్యము మత్తులో భార్యను నరికిన భర్త, మద్యము మత్తులో తండ్రిని రోకలితో మోదిన కొడుకు, కలిసి త్రాగుచు బాకీ మాట వచ్చి మిత్రుని బండరాతితో కొట్టినవాడు. ఆ మాట వార్తలో ఒక విచిత్రమైన పని చేయుచున్నది. అది నేరమునకు కారణమును చెప్పుచున్నట్లుండి, మెల్లగా నేరగానిని ప్రక్కకు తప్పించుచున్నది. గ్రామపెద్దలు దానినే చెప్పుదురు. కన్నతల్లి దానినే చెప్పును. దెబ్బలు తిన్న ఇల్లాలు సైతము, మనిషి మంచివాడే, త్రాగినప్పుడే ఇట్లు అని తనకు తాను నచ్చచెప్పుకొనును. అనగా చంపినది, కొట్టినది మనిషి కాదు, మద్యము అని తాత్పర్యము. ఇది నిజమగునా?

చట్టము దీనికి సూటిగా జవాబు చెప్పినది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 85, 86 సెక్షన్లలోను, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 23, 24 సెక్షన్లలోను చెప్పినది ఒకటే. తనకు తెలియకుండగనో, తన ఇష్టమునకు విరుద్ధముగనో ఇతరులు మత్తుపదార్థమును ఇచ్చినందున, తాను చేయుచున్నదేమో తెలియని స్థితిలో చేసినది నేరము కాదు. తనంతట తాను త్రాగినవానికి ఆ రక్షణ లేదు. మత్తులో లేనప్పుడు వానికెంత తెలిసియుండునో అంతయు తెలిసియే చేసినట్లు భావింపవలెను. బూడిద విషయమున శుక్రునకు ఈ చట్టము క్షమాపణ నిచ్చియుండును. ఆయన తనకు తాను ఈయలేదు. ప్రాచీన గ్రీసుదేశమున మిటిలీనీ నగరమునకు శాసనకర్తయైన పిట్టకస్ ఇంకను కఠినుడు. మత్తులో చేసిన నేరమునకు రెట్టింపు శిక్ష విధించెను. ఆ శాసనమును అరిస్టాటిల్ పేర్కొని, త్రాగకుండుట ఆ మనిషి వశములోనే ఉన్నది కదా అని హేతువు చూపెను.

నడిరాత్రి జరిగిన హత్యకు ప్రారంభము మునిమాపువేళ పాత్ర అందుకొన్నప్పుడే జరిగినది. ఆ క్షణమున వానికి తెలివియున్నది, ఇష్టమున్నది, మానుకొను శక్తియున్నది. మొదటిసారి మాత్రము, త్రాగినచో తానేమగునో ఎరుగనని చెప్పుకొనవచ్చును. నిన్న త్రాగి చేయి చేసుకొన్నవానికి నేడు ఆ మాట చెల్లదు. వాడు పాత్రను ఎత్తునప్పుడే ఇంటిలోని ఎవరి వీపు కదలిపోవునో ఎరుగును. ఎరిగి ఎత్తుచున్నాడు. అలవాటు మత్తును పెంచవచ్చును గాని, అజ్ఞానమను సాకును మిగుల్చదు.

ఇంతకు మత్తు మనిషిలో ఏమి చేయును? చరకుడు మదాత్యయ చికిత్సాధ్యాయమున మద్యమునకు పది గుణములు చెప్పి, శరీరమున ఓజస్సునకు గల పది గుణములకు అవి ఒకదానికొకటి విరుద్ధములని చూపెను. మదమునకు మూడు అవస్థలు చెప్పెను. మొదటిదానిలో ఉల్లాసము, మూడవదానిలో విరిగిపడిన మ్రాను వలె పడియుండుట. ప్రమాదమంతయు ఈ రెండింటి నడుమ నున్నది. మ్రాను వలె పడినవాడు ఎవరిని కొట్టగలడు? నిలువగలిగియు నిలుపుకొనలేని దశయే కత్తి పట్టించునది. గీతలో భగవానుడు చెప్పిన మెట్లు ఇక్కడ తలచుకొనదగినవి. కామమువలన క్రోధము, క్రోధమువలన సమ్మోహము, దానివలన స్మృతిభ్రంశము, పిదప బుద్ధినాశము. ఒక్కొక్క మెట్టు దిగుటకు మామూలు మనిషికి కొంత వ్యవధి పట్టును. ఆ వ్యవధిలో ఎవరో చేయిపట్టి ఆపవచ్చును. త్రాగువాడు ముందే స్మృతిని, బుద్ధిని వెలయిచ్చి పోగొట్టుకొని, ఆ మీదట క్రోధము వచ్చుటకై వేచియుండును. మెట్లన్నియు తీసివేసిన ఇంటిలో గడప దాటినచో గోతిలోనే.

క్రోధము ఎక్కడనుండి వచ్చును? దీనికి మౌసలపర్వమును మించిన పాఠము లేదు.

కురుక్షేత్రయుద్ధము ముగిసిన 36వ సంవత్సరము. ఋషుల శాపమువలన పుట్టిన ముసలమును పొడిచేయించి సముద్రమున కలిపిన పిమ్మట, ద్వారకలో ఒక చాటింపు జరిగెను. ఏ ఇంటను ఎవరును సురను, ఆసవమును తయారుచేయరాదు. చేసినవానిని బంధువులతోకూడ శూలమున వేయుదురు. ఆహుకుడు, జనార్దనుడు, బలరాముడు, బభ్రువు, ఈ నలుగురి మాటగా ఆ చాటింపు వెలువడెను. నాటి ఏలికలకు మద్యమునకును రానున్న చేటునకును గల సంబంధము తెలిసియేయున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు. ప్రజలు రాజభయముచే లోబడిరి. భయముచే అనుట గమనింపదగినది.

పిదప దుశ్శకునములు కనబడగా యాదవులందరు ప్రభాసమునకు తీర్థయాత్ర వెడలిరి. తీర్థయాత్రకే. వెంట భక్ష్యభోజ్యములతోపాటు మద్యమును విస్తారముగా తీసికొనిపోయిరి. బ్రాహ్మణులకై వండిన అన్నమును సురతో కలిపి కోతులకు పెట్టి వినోదించిరి. కృష్ణుని ఎదుటనే కృతవర్మతో కలిసి బలరాముడు త్రాగెను. సాత్యకి త్రాగెను. గదుడు, బభ్రువు త్రాగిరి. చాటింపు వేయించినవారి పేర్లలోనుండి రెండు పేర్లు ఇక్కడ త్రాగినవారిలో తిరిగి కనబడుచున్నవి. వ్యాసులవారు దీనిపై వ్యాఖ్య చేయలేదు. పేర్లు చెప్పి ఊరకుండిరి. ఇంతకంటె తీవ్రమైన మందలింపు మరియొకటి ఉండదు.

మత్తెక్కిన సాత్యకి నవ్వుచు, నిద్రించుచున్నవారిని చంపిన క్షత్రియుడెవ్వడని కృతవర్మను ఎత్తిపొడిచెను. అశ్వత్థామ పాండవ శిబిరముపై పడిన రాత్రి కృతవర్మ అతనికి తోడుగా ఉన్నాడు. ప్రద్యుమ్నుడు ఆ మాటను మెచ్చుకొనెను. కృతవర్మ ఎడమచేయి చూపుచు తిరిగి ఎత్తిపొడిచెను: చేయి తెగి ప్రాయోపవేశమున కూర్చున్న భూరిశ్రవుని చంపినది నీవు కావా అని. అంతట సాత్యకి శ్యమంతకమణి కథను, సత్రాజిత్తు వధను పైకి తీసెను. సత్యభామ ఏడ్చుచు కృష్ణుని చెంత చేరెను. సాత్యకి లేచి కృతవర్మ తల నరికెను. భోజాంధకులు సాత్యకిని చుట్టుముట్టి, తాము తిను ఎంగిలిపాత్రలతో మోదిరి. అడ్డువెళ్ళిన ప్రద్యుమ్నుడును అతనితోపాటు కూలెను. ఆపై చేతికందిన ఎరకగడ్డియే ముసలమైనది. కొడుకు తండ్రిని, తండ్రి కొడుకును ఎరుగలేదు.

శాపమువలన జరిగినదే కదా, మద్యమును నిందించుట ఎందులకని కొందరందురు. శాపము సత్యమే. కాని శాపము ఫలించుటకు కాలము ఒక వాహనమును వెదకుకొనును. శాపమొక్కటియే చాలినచో ఈ త్రాగుడు వర్ణన అంతయు గ్రంథమున ఉండనక్కరలేదు.

ఈ కలహమున ఒక్క నేరారోపణయు కొత్తది కాదు. నిద్రించువారి వధ, భూరిశ్రవుని వధ, శ్యమంతకము, అన్నియు దశాబ్దుల నాటివి. 36 సంవత్సరములుగా సాత్యకియు కృతవర్మయు ఒకే నగరమున, ఒకే సభలో కూర్చుండి, పండుగలు పంచుకొని బ్రతికిరి. పగ లేక కాదు. పగపై మర్యాద అను మూత ఉండుటచేత. మద్యము పగను పుట్టించలేదు, మూతను తీసినది. నేటి పల్లెలో గట్టు తగవు, వరకట్నపు లోటు, అన్నదమ్ముల పంపకము, కూలి దొరకని అవమానము అట్లే మూతక్రింద ఉడుకుచుండును. త్రాగినవాడు కొత్త మాట ఏదియు చెప్పడు. దాచినదే చెప్పును, దాచినదే చేయును. అందుచేత మద్యము చేసినది, మనిషి చేయలేదు అను మాట కుదరదు.

మరియొక సంగతి. ప్రద్యుమ్నుడు కత్తి దూయలేదు. సాత్యకి ఎత్తిపొడుపును మెచ్చుకొనెను, అంతే. ఆ ఒక్క మెచ్చుకోలు లేకున్నచో ఆ మాట అక్కడ ఆరియుండునేమో. త్రాగుడు ఒంటరి వ్యసనమైనంతకాలము అది ఒక ఇంటి దుఃఖము. పదిమంది కూర్చుండి, త్రాగి రెచ్చిపోవుటను మగతనమని, దులిపివేసిన మాటను ధైర్యమని నవ్వి మెచ్చుకొను అలవాటు ఏర్పడినప్పుడు అది ఊరి రోగమగును. శాస్త్రము పాతకులతో సహవాసమును ఐదవ పాతకముగా లెక్కించినది ఇందులకే కావలెను.

1969లో క్రెయిగ్ మెకాండ్రూ, రాబర్ట్ ఎడ్జర్టన్ అను ఇద్దరు అమెరికను పరిశోధకులు అనేక జాతుల త్రాగుడు అలవాట్లను పోల్చి ఒక గ్రంథము ప్రకటించిరి. కొన్ని జాతులు చిత్తుగా త్రాగియు కలహింపవు. ఒకే జాతివారు ఒకప్పుడు కలహించి మరియొకప్పుడు ఊరకుందురు. త్రాగినప్పుడు ఎట్లు ప్రవర్తింపవచ్చునో మనిషి తన సమాజమునుండియే నేర్చుకొనునని వారి నిర్ణయము. ఇది చదువుటకు సముద్రములు దాటనక్కరలేదు. సారా దుకాణమునుండి ఇంటికి పోవు మనిషి వెనుక పది అడుగులు నడచిన చాలును. పోలీసు ఠాణా ముందు వాడు పంచె సర్దుకొని తిన్నగా నడచును. అప్పిచ్చిన ఆసామి ఎదురైనచో దండము పెట్టును. ఇల్లు చేరి తలుపు వేసిన పిమ్మటనే వాని చేయి లేచును. ఒడలు తెలియనివానికి ఇంత లెక్క ఎట్లు తెలిసినది?

విరాటపర్వమున సుధేష్ణ పర్వదినము నెపముతో మద్యమును సిద్ధపరచుమని కీచకునకు చెప్పి, దానిని తెమ్మని సైరంధ్రిని పంపెను. పారిపోయి వచ్చిన ఆమెను కీచకుడు రాజసభలో జుట్టు పట్టి తన్నెను. విరటుడు చూచుచుండెను. అక్కడ మద్యము కీచకుని కడుపులోకంటె ఎక్కువగా నెపములో ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తరచు త్రాగి వచ్చు భర్తలుగల స్త్రీలలో హింసకు గురియైనవారి పాలు, త్రాగని భర్తలుగల స్త్రీలలోకంటె రెట్టింపునకు మించియున్నట్లు తేలినది. త్రాగని ఇండ్లలోను దెబ్బలు లేకపోలేదు. నెపము దొరికిన ఇండ్లలో అవి పెరిగినవి.

త్రాగిన ప్రతివాడు హంతకుడగునా అని అడుగువారికి బలరాముడే సమాధానము. ఆయనయు త్రాగెను, ఎవరిని చంపలేదు. ఏకాంతమున చెట్టుక్రింద కూర్చుండి యోగమున దేహమును విడిచెను. అమరసింహుడు సురకు హలిప్రియ అను పర్యాయపదమును సైతము చెప్పెను. అయినను ఆయన త్రాగుటవలన తక్కినవారికి ఆ చాటింపు చాటింపు కాకపోయెను. పెద్దవాని నిగ్రహము పెద్దవానికి మాత్రమే ఉపయోగపడినది. ఆయన పాత్ర అందరికిని ఉపయోగపడినది. గ్రామదేవతల జాతరలలో కల్లు సాకపోయు ఆచారమును అడ్డము చూపువారును కలరు. సాక నేలపై పోయునది. అమ్మవారి పేరు చెప్పి గొంతులో పోసికొనునది సాక కాదు.

ప్రభువుల పాత్ర ఈ విషయమున మొదటినుండియు రెండు నాలుకలది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని నియమించి మద్యముపై రాబడి చూపెను. ఆయనయే, మద్యమును ఊరు దాటించరాదని, పనివారు ఏమరుదురని, ఆర్యులు మర్యాద దాటుదురని, తీక్ష్ణస్వభావులు దుడుకు పనులకు తెగబడుదురని హెచ్చరించెను. దుకాణమున మత్తిల్లినవాని నగలు పోయినచో వర్తకుడే ఇచ్చుకొని, అంత దండుగ కట్టవలెనని విధించెను. అమ్మినవానికిని బాధ్యత కలదని ఆ రాజనీతిజ్ఞుడు ఒప్పుకొన్నాడు. ఆంధ్రప్రదేశమున 1980ల దశకమున ప్రభుత్వమే సారాయిని పొట్లములలో కట్టించి వారుణివాహిని అను పేరుతో పల్లెపల్లెకు పంపినది. క్షీరసాగరమున పుట్టిన దేవత పేరు అట్లు వాడబడుటకు ఏ పండితుడు సలహా ఇచ్చెనో!

దానికి అడ్డుకట్ట వేసినది పండితులు కారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున, అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడులకు వచ్చిన కూలి స్త్రీలు సీతమ్మకథ అను పాఠమును చదివి, అది తమ కథయే అని గుర్తించి, సారా దుకాణమును మూయించిరి. ఆ మంట జిల్లా అంతట ప్రాకి సారా వేలములను ఆపినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. ద్వారక చాటింపువలెనే అదియు ఎక్కువకాలము నిలువలేదు. ఆ స్త్రీలు భర్తలను మంచివారు కారని అనలేదు. మత్తు దిగిన తెల్లవారి వారు చెప్పు క్షమాపణలను మాత్రము ఇక స్వీకరింపలేదు. పాపము పాత్ర ఎత్తినచోటనే ఉన్నదని శుక్రుడు తెలిసికొన్నదానిని వారు వీపులతో తెలిసికొనిరి.

ప్రభాసమున అందరును కూలిన తరువాత కృష్ణుడు దారుకుని అర్జునునికై హస్తినకు పంపెను. ద్వారకలో స్త్రీలు దిక్కులేక ఉన్నారు, దొంగలు పడవచ్చును. వారిని రక్షింప వెంటనే ఒకరు పోవలెను. మిగిలినవాడు బభ్రువు ఒక్కడే. నాడు చాటింపు వేయించినవాడు, నేడు త్రాగినవాడు. కృష్ణుడు అతనినే పొమ్మనెను. అతనికి అప్పటికిని మత్తు దిగలేదని వ్యాసులవారు చెప్పుచున్నారు. బయలుదేరిన బభ్రువు నాలుగడుగులు వేయకముందే ముసలపు దెబ్బకు పడిపోయెను. అప్పుడు కృష్ణుడు తానే నగరమునకు పోయి, అర్జునుడు వచ్చువరకు స్త్రీలను కాపాడుమని వృద్ధుడైన వసుదేవునకు అప్పగించి, అడవికి వెడలుటకు తిరిగెను. ఇంతలో నగరమునుండి స్త్రీల ఏడ్పు, పసిపిల్లల ఏడ్పు పెద్దగా వినవచ్చెను. వెళ్ళుచున్న స్వామి ఆగి, వెనుకకు మరలి వచ్చి, అర్జునుడు వచ్చుచున్నాడని, మీ దుఃఖమును తీర్చునని వారికి చెప్పి, మరల వెడలెను.